ఎత్తు నేర్పిన ఆంటీ

ఆ ఆదివారం గరాజ్‌లో ఉన్నవాళ్ళు: అంకుల్, నేను, శ్రీకర్. ఉన్నవి: గోడకి ఆనించిన, మంచు మీద జారడానికి కాళ్ళకి కట్టుకునే స్కీలు ఆరు జతలు, తోసుకోవడానికి చేత పట్టే వాటి పోల్స్, స్కీలకి మైనం పూసే చిన్న ఇస్త్రీపెట్టె, కాలిన మరకలున్న బల్ల, ఊదారంగు మంకీ క్యాప్, కారప్పూస డబ్బా, స్టీలు ఫ్లాస్క్. ఇంట్లోంచి గరాజ్‌లోకి అడుగు పెట్టగానే కనపడే చోట గోడకి ఒక మేకు. మేకుకి, విరిగి రెండు ముక్కలైన కార్బన్ పోల్ ఒకటి, బూటు లేసుతో కట్టి వేలాడుతోంది. లేనిది ఆంటీ. ఆవిడ నవంబరులో, మొదటి మంచు పడకముందే, నిద్రలో పోయింది.

శాంటా క్లారాలో ఉండే వాళ్ళమ్మాయి వచ్చి, కార్యక్రమాలు చూసుకుని, గరాజ్ మొత్తం డొనేట్ చేసెయ్యమని చెప్పి వెళ్ళిపోయిందట. ఎవరికో ఇచ్చే బదులు మీరే తీసుకెళ్ళండి బాబూ అని అంకుల్ నాకు ఫోన్ చేశాడు. నా కారులో అన్నీ పట్టవు కాబట్టి శ్రీకర్ తన వ్యాన్ తెచ్చాడు.

మా ఊరు నోవైలో వీధికి పది మంది ఆంటీలుంటారు. శనివారాలు స్కీయింగ్‌కి వెళ్ళే మా గుంపులో మాత్రం ఆంటీ అంటే ఒక్కరే. ఆవిడని పేరు పెట్టి పిలిచిన వాళ్ళని నేను చూడలేదు. అంకుల్ కూడా "ఇదుగో" అనేవాడు. అందుకని ఇక్కడా పేరు రాయట్లేదు.

ఆవిడ నాతో మొదటిసారి మాట్లాడినప్పుడు నేను మంచులో వెల్లకిలా పడి ఉన్నాను. మిషిగన్‌లో మా వైపు కొండలుండవు. ఊరి బయట పార్కులో ఉన్నది కూడా కొండ కాదు, పాత చెత్తకుప్ప మీద మట్టి పోసి, గడ్డి నాటి చేసిన దిబ్బ. చలికాలం పార్కు వాళ్ళు దాని మీద మిషన్లతో మంచు కొడతారు. మేం దాన్ని ఎత్తు అనేవాళ్ళం. వీడియోలు చూసి స్కేట్ స్కీయింగ్ నేర్చుకున్నాననుకుని ఆ రోజు దాని మీదకి వెళ్ళాను. సగంలో స్కీలు రెండూ ఒకదానిమీదొకటి ఎక్కాయి.

కళ్ళు తెరిచేసరికి మంకీ క్యాప్‌లోంచి ఒక మొహం నా మీదకి వంగి చూస్తోంది. క్యాప్ అంచుకి ఎర్ర బొట్టుబిళ్ళ అంటుకుని ఉంది.

"తెలుగువాడివేగా?"

"అవునండీ. ఎలా తెలిసింది?"

"పడేటప్పుడు వామ్మో అన్నావు. లే. మళ్ళీ ఎక్కు, చూస్తా."

లేచి ఎక్కాను. నాలుగడుగులు చూసి చెయ్యెత్తి ఆపింది.

"చాల్లే నాయనా. ఫ్రిజ్‌లో అడుగు అరలో పెరుగు వెతుక్కుంటున్నట్టు వంగావు. దీన్ని ఎక్కడం అనరు."

పోలిక ఎలా ఉన్నా ఆవిడ పట్టుకున్న తప్పు సరైనదే. ఎత్తు రాగానే కొత్తవాళ్ళు నడుము దగ్గర వంగుతారు. నడుము వంగితే బరువు మడమల మీదకి పోతుంది. బరువు మడమల మీదకి పోతే స్కీ జారడం మానేస్తుంది. ఇక అక్కణ్ణుంచి కాళ్ళు ఈడ్చుకోవడమే. వంగాల్సింది చీలమండల దగ్గర. ఈ మాట వీడియోల్లో చాలాసార్లు విన్నాను. ఆవిడ పోల్ కొసతో నా చీలమండ మీద కొట్టి "ఇక్కడ" అంది. నడుము మీద కొట్టి "ఇక్కడ కాదు" అంది. రెండో దెబ్బ గట్టిది. ఇప్పటికీ ఎత్తు కనపడగానే నా నడుము దానంతటదే నిటారుగా అవుతుంది.

ఈ ఆట తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. స్కేట్ స్కీయింగ్‌లో స్కీలు పక్కపక్కన సమానంగా ఉండవు. ముందు వైపు ఎడంగా, వెనక వైపు దగ్గరగా పెట్టి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి పూర్తిగా ఒరుగుతూ పోవాలి. ఎత్తు మీదైతే రెండు పోల్స్, ఒక స్కీ, మూడూ ఒకే క్షణంలో మంచు మీద దిగాలి. తరవాతి అడుగు కాలితో మాత్రమే. మళ్ళీ మూడూ కలిసి. అలా దిగితే ఒకటే చప్పుడు వస్తుంది. కాలు ముందు దిగి చేతులు వెనకపడితే చప్పుళ్ళు రెండవుతాయి. రెండయ్యాయంటే చేతుల బలం ఒకచోట, కాలి బలం ఒకచోట ఖర్చవుతున్నట్టు. చదునులో ఎలాగో నెట్టుకురావచ్చు గానీ ఎత్తు మీద కుదరదు.

ఆంటీ ఉద్యోగమే చప్పుళ్ళు వినడం. కొత్త మోడల్ కారు బయటికి రాకముందు డోర్ ప్యానెల్ ఎక్కడ కిర్రుమంటోందో, డాష్‌బోర్డ్ కింద ఏ క్లిప్పు అదురుతోందో పట్టుకునే ఇంజనీరు. మైకులూ సెన్సార్లూ ఎన్ని ఉన్నా ముందు ఆవిడనే కారెక్కించేవాళ్ళని అంకుల్ చెప్పేవాడు. ఒకసారి ఎవరిదో గృహప్రవేశానికి వెళ్ళి, అందరూ కిచెన్ మెచ్చుకుంటుంటే, పక్కన నిలబడి విని, "ఈ ఫ్రిజ్ ఎక్కువకాలం ఉండదు" అని ఇంటావిడ మొహం మీదే చెప్పింది. దారిలో అంకుల్, అక్కడే చెప్పాలా అన్నాడట. "అక్కడే మోగుతోంది మరి" అందట.

ఆ చెవిని శనివారాలు మా మీద పెట్టేది. ఎత్తు అడుగున మాకు వీపు తిప్పి, కళ్ళు మూసుకుని నిలబడేది. మేం ఎక్కుతూ ఉంటే గట్టిగా లెక్క చెప్పేది.

"రెండు. రెండు. రెండు. ఒకటి. రెండు."

బాగుంది అన్న మాట ఆవిడ నోట నేను వినలేదు. ఒకటి అంటే ఒప్పు, రెండు అంటే తప్పు. పైదాకా వెళ్ళి తిరిగొచ్చాక ఇంకేమైనా అంటే అది తిట్టే అయి ఉండేది. స్కీల కొసలు చూసుకుంటూ ఎక్కేవాణ్ణి "పారిపోతాయనా?" అని అడిగేది. కాళ్ళ మధ్య బరువు పంచుకుని వెళ్ళేవాణ్ణి, పడవలో ఉన్నావా అనేది. ఎవరైనా రొప్పుతూ నిలబడితే కారప్పూస డబ్బా తెరిచి, తను ఒక గుప్పెడు నోట్లో వేసుకుని, మూత పెట్టేసేది. పైదాకా ఎక్కినవాడికే ఆ డబ్బా. ఆగినవాడికి లేదు. ఇవన్నీ ఎందుకు నేర్చుకున్నారు ఆంటీ అని ఒకసారి అడిగాను. "ఆర్నెల్లు మంచు ఇక్కడ. కిటికీ దగ్గర కూర్చుని ఏడవనా?" అంది.

శ్రీకర్ నా రూమ్మేట్. వరంగల్ వాడు. మాస్టర్స్ అయిపోయి, మొదటి ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడుతున్న రోజుల్లో, మనసు మళ్ళుతుందని నేనే వాణ్ణి తీసుకెళ్ళాను. ఆంటీ వాడి చేతుల్లోంచి పోల్స్ తీసేసుకుంది. చేతులు వెనక్కి కట్టుకుని ఎక్కమంది. అది నిజంగా ఉన్న అభ్యాసమే. పోల్స్ లేకపోతే కాలు అబద్ధం చెప్పడానికి వీల్లేదు. శ్రీకర్ సగం దాకా వెళ్ళి కూర్చున్నాడు. చుట్టూ మేం కాక వేరేవాళ్ళు కూడా ఉన్నారు, అందులో ఇద్దరు తెలుగువాళ్ళు.

ఆంటీ కిందనుంచే అంది: "ఇంటర్వ్యూల్లో కూడా ఇంతేనా బాబూ? సగం దాకా వెళ్ళి కూర్చుంటున్నావా?"

వాడు అక్కడే స్కీలు విప్పి, చంకలో పెట్టుకుని, మంచులో నడిచి పార్కింగ్‌కి వెళ్ళిపోయాడు. ఇంటి దగ్గర దిగేటప్పుడు, "మస్తు నేర్పింది తియ్. గామె మొఖం మళ్ళ సూడ" అన్నాడు. అన్నట్టే మళ్ళీ రాలేదు. గడువుకి ముందే ఉద్యోగం దొరికింది. ఆ సంగతి ఆవిడకి చెప్పాను, కాస్త బాధపడుతుందేమోనని.

"మరి ఎత్తు ఎక్కాడా?" అంది.

నేను మానలేదు. మానకపోవడానికి కారణం గొప్పదేం కాదు. నా లెక్కలో ఒకట్లు పెరుగుతున్నాయి.

అంకుల్ స్కీయింగ్ చేసేవాడు కాదు. ఒక చలికాలం ఆవిడ దగ్గరే నేర్చుకోబోయి మానేశాడట. మంచు బూట్లు వేసుకుని, ఎత్తుకి సగంలో, దారి పక్కన, అల్లం టీ ఫ్లాస్క్ పట్టుకుని నిలబడేవాడు. ఆవిడ పైకి వస్తుంటే మూత తీసి, కప్పులో పోసి, చెయ్యి చాచేవాడు. ఆవిడ తల తిప్పకుండా దాటిపోయేది. ఆయన ఆ టీ మళ్ళీ ఫ్లాస్క్‌లో పోసుకునేవాడు, చుక్క కింద పడకుండా. ఇలా ప్రతి శనివారం, ఆవిడ ఎన్నిసార్లు ఎక్కితే అన్నిసార్లు.

"మీ అంకుల్ గారు ఫ్లాస్క్ మూత తియ్యడంలో పీహెచ్‌డీ చేశారు" అనేది మాతో. మొగుణ్ణి ఎప్పుడూ ఏకవచనంలో అనలేదు. గారు, మీరు, అండీ అన్నీ ఉండేవి. ఆ మాటకి అందరికంటే ముందు నవ్వేది అంకులే. ఆయన నవ్వాక మేం నవ్వేవాళ్ళం.

ఉత్తరాన, నాలుగు గంటల దూరంలో, ఏటా ఫిబ్రవరిలో ఒక స్కీ రేసు జరుగుతుంది. దాని చివర్లో ఒక ఎత్తు ఉంది. మా చెత్తదిబ్బకి రెండింతలు. ఆంటీ రెండేళ్ళు వరసగా దాని మధ్యలో ఆగిపోయి, అడ్డంగా నడుచుకుంటూ ఎక్కింది. మూడో ఏడుకి ఆవిడ కుడి మోకాలు అరిగిపోయింది. మార్చిలో ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. ఆ తరవాత ఒంటికాలి మీద బరువు వేసి తోసే పని ఏదీ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. అంటే ఆ ఫిబ్రవరి ఆవిడకి ఆఖరుది.

"ఆ ఎత్తు ఒక్కసారి ఆక్కుండా ఎక్కాలి. ఎక్కింతరవాత ఈ మోకాలు వాళ్ళిష్టం, ఏమన్నా చేసుకోమను" అనేది. ఆ చలికాలం మాట్లాడినదంతా దాని గురించే. వారం మధ్యలో కూడా ఫోన్ చేసి, మంచు గట్టిగా ఉంటే ఏ మైనం, తడిగా ఉంటే ఏ మైనం అని తనే అడిగి తనే చెప్పుకునేది.

ఎత్తు మీద తన ముందు వెళ్ళడానికి నన్ను ఎంచుకుంది. నా చప్పుడు సమంగా ఉంటుంది, విని దాన్ని పట్టుకుని వస్తానంది. మొదట్లో నేను ఆవిడ ముందు నడవడానికి ఇబ్బంది పడేవాణ్ణి. తెలియకుండానే వేగం తగ్గించి పక్కకి జరిగేవాణ్ణి, పెద్దావిడ ముందు వెళ్ళాలని. దానికీ తిట్లు తిన్నాను. "నీ మర్యాద మా ఇంటికొచ్చినప్పుడు చూపించు. ఎత్తు మీద నాకు అడ్డం." ఇంకో షరతు కూడా పెట్టింది. తను పడ్డా నేను వెనక్కి తిరగకూడదు. ఎత్తు మీద ఒకడాగితే వెనకున్నవాళ్ళందరూ ఆగాలి అనేది.

రేసు రోజు తెల్లవారుజామున ముగ్గురం బయలుదేరాం. అంకుల్ డ్రైవ్ చేస్తున్నాడు, ఆవిడ పక్కన, నేను వెనక. దగ్గరికొచ్చాక అంకుల్ మెల్లిగా అన్నాడు: "ఇదుగో, మోకాలు మరీ నొప్పిగా ఉంటే ఆపెయ్. నేను మధ్యలోనే ఉంటాగా."

ఆవిడ కిటికీలోంచి చూస్తూ అంది. "మీరు మధ్యలోనే ఉంటారండీ. ముప్ఫై ఏళ్ళ నుంచి చూస్తున్నా. ఏ ఎత్తయినా మీరు మధ్యలోనే."

అంకుల్ నవ్వాడు. ఈసారి నాకు నవ్వు రాలేదు. పైన్ చెట్లు చూస్తూ కూర్చున్నాను.

ఎత్తు దగ్గరికి వచ్చేసరికి నేను ఆవిడకి కొంచెం ముందున్నాను. నా వెనక ఆవిడ చప్పుడు వినపడుతోంది. ఒకటి. ఒకటి. ఒకటి. అంత కచ్చితంగా ఆవిడ ఎక్కడం అంతకుముందు వినలేదు. మంచు గట్టిగా ఉంది, మైనం కుదిరింది. సగం దాటాం. అంకుల్ నిలబడ్డ చోటు పక్కనుంచి పోయాను. ఆయన కప్పు పట్టుకుని ఉన్నాడు. ఇంకో పది తోపుల తరవాత వెనక మనిషి పడ్డ చప్పుడైంది. చెప్పినట్టే నేను తిరగలేదు. పైకి వెళ్ళాక చూశాను. అంకుల్ దారి మధ్యలో వంగి నిలబడి ఉన్నాడు. ఆవిడ తనంతట తను లేస్తోంది.

అప్పుడు మాకు తెలిసింది ఇది. స్కీ కొస మంచులో దిగబడి ఆవిడ పక్కకి పడింది. ఎడమ పోల్ చేతి పట్టీ ఊడి కింద పడింది. అంకుల్ లేపడానికి పరిగెత్తుకొచ్చి, కంగారులో దాని మీద కాలేశాడు. కార్బన్ గొట్టం, విరిగింది. పడ్డందుకైతే ఆవిడకేం కాలేదు. అలా పడి లేచి, ఆ ఊపులోనే ఎక్కెయ్యడం ఆవిడ మాకు ఎన్నిసార్లు చేసి చూపించిందో. పోల్ లేకపోవడమే సమస్య. రేసు వాళ్ళలో ఒకతను పరిగెత్తుకుంటూ ఒక పోల్ తెచ్చిచ్చాడు. అది ఎవరో ఆరడుగుల మనిషిది, ఆవిడ నెత్తి దాటింది. దాంతో నాలుగు తోపులు తోసింది. ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద. చప్పుళ్ళు ఎన్నో నేను లెక్కపెట్టలేదు. ఆగిపోయింది. స్కీలు విప్పి, చేత్తో పట్టుకుని, నడిచి పైకొచ్చింది.

"నువ్వు ఆగలేదుగా?" అంది నాతో.

"లేదాంటీ."

"ఊఁ" అని ఛాతీ మీద నంబరు గుడ్డ విప్పేసింది. తిరుగు ప్రయాణంలో ముగ్గురం నాలుగు గంటలు రేడియో విన్నాం.

మార్చిలో ఆపరేషన్ అయింది. ఆవిడ మళ్ళీ స్కీ ఎక్కలేదు. శనివారాలు మాత్రం వచ్చేది. కర్ర పట్టుకుని, వీపు తిప్పి నిలబడి, లెక్క చెప్పేది.

విరిగిన పోల్ గరాజ్ గోడకి వెళ్ళింది. నేను ఆ రోజు భోజనానికని వెళ్ళి అక్కడే ఉన్నాను. మేకు అంకుల్ చేతే కొట్టించింది. "ఇంకొంచెం పైకండీ. మీకు కనపడాలి" అని కుర్చీలో కూర్చుని చెప్పింది. ఆ తరవాత ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ గరాజ్‌లోకి తీసుకెళ్ళి చూపించేది. పొరుగువాళ్ళకి, దీపావళికొచ్చినవాళ్ళకి, హీటర్ బాగుచెయ్యడానికి వచ్చినతనికి, వీడియో కాల్‌లో కూతురికి.

"ఇది మీ అంకుల్ గారు నాకు చేసిన సాయం."

అంకుల్ కాఫీ ట్రే పట్టుకుని వెనక నిలబడేవాడు. అందరికంటే ముందు నవ్వేవాడు. అలా రెండు చలికాలాలు గడిచాయి. ఆవిడకి కోపం ఇంకా పోలేదే అనుకునేవాణ్ణి. పొరపాటున కాలు పడ్డ మనిషిని ఇన్నాళ్ళు ఇలా సాధించడం అన్యాయమని ఒకసారి ఆవిడతో అనబోయి, ఆవిడ మొహం చూసి మానేశాను.

ఇదంతా అయ్యాక, గరాజ్‌లో ఆ ఆదివారం. శ్రీకర్ స్కీలు రెండేసి జతలు భుజాన వేసుకుని వ్యాన్‌లోకి చేరుస్తున్నాడు. ఆవిడ మొఖం చూడనన్నవాడు ఆవిడ సామాను మొయ్యడానికి ఎందుకొచ్చావురా అని దారిలో అడిగితే, "అంకుల్ అడిగిండు గదా" అన్నాడు. మేకు దగ్గర ఆగి చూశాడు.

"గిది గూడ పెట్టాల్నా అంకుల్?"

"అదొద్దులే. అది నేను తీస్తా."

శ్రీకర్ బయటికి వెళ్ళాడు. అంకుల్ సుత్తి తెచ్చి మేకు పీకబోయాడు. గట్టిగా దిగి ఉంది, రాలేదు. లేసు విప్పి, పోల్ ముక్కలు రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. నేను ఏదో అనాలి కాబట్టి అన్నాను.

"అనుకోకుండా జరిగినదానికి ఆంటీ మిమ్మల్ని చాలా అన్నారు అంకుల్."

"అనుకోకుండా కాదు" అన్నాడు.

నేను ఇస్త్రీపెట్టె తీగ చుడుతూ ఆగాను. ఆయన ముక్కలు రెండూ కలిపి చూస్తున్నాడు, అతికించడానికి వీలవుతుందా అన్నట్టు.

"లేపుదామనే పరిగెత్తా. భుజం మీద చెయ్యేశా. 'ముట్టుకోకండి. మీరు ఫ్లాస్క్ పట్టుకోండి చాలు' అంది. చుట్టూ జనం ఉన్నారు. నా కాలి దగ్గరే ఉంది ఇది. తొక్కా. చిట్లింది గానీ విరగలా. మళ్ళీ తొక్కా."

శ్రీకర్ బయట వ్యాన్ తలుపు వేసిన చప్పుడు వినపడింది. ఆంటీకి ఈ సంగతి తెలుసా అని అడిగాను.

"చూడలా. అటు తిరిగి పడింది, మొహం మంచులో ఉంది."

"అయితే తెలియదు."

"చూడక్కర్లేదుగా ఆవిడకి." ముక్కలు బల్ల మీద పెట్టేసి, లేసు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. "లేవకముందే అంది. మెల్లిగా, నాకొక్కడికే వినపడేట్టు."

ఏమందని అడిగాను.

"రెండు, అంది."